అదసా, లెన్స్, కటకం

చరిత్ర పాఠంలో మేం ఉంటాం. గుర్రమెక్కి, కత్తి పట్టుకుని, ఎక్కడి నుంచో దండెత్తి వస్తూ ఉంటాం. సైన్సు పాఠంలో మాత్రం ఉండం. హైస్కూలు సైన్సులో కంటి గురించి ఒక పాఠం ఉంటుంది. కంటి బొమ్మ, బాణం గుర్తులు, కటకం, నేత్రపటలం, హ్రస్వదృష్టి, దీర్ఘదృష్టి. మేం చదువుకున్న రోజుల్లో ఆ పాఠంలో మనుషుల పేర్లు ఎక్కడైనా వచ్చాయంటే అవి గ్రీకుల పేర్లు, ఆ తర్వాత ఒక్క గంతులో యూరపువాళ్ల పేర్లు. మధ్యలో వెయ్యేళ్లకు పైగా ఖాళీ. ఆ వెయ్యేళ్లూ లోకంలో ఎవరూ కళ్లు తెరవనట్టే ఉండేది.

బడి వదిలి మా గల్లీకొస్తే ఇంకో పాఠం. జల్సాల్లో మైకు పట్టుకున్న పెద్దమనిషి అంతా మనవాళ్లే కనిపెట్టారనేవాడు. కెమెరా మనదే, కళ్లజోడు మనదే, ఆ మాటకొస్తే కంటిచూపు రహస్యమంతా మనదే, తెల్లవాళ్లు దొంగిలించుకుపోయారనేవాడు. జనం సుభానల్లా అనేవాళ్లు.

ఈ రెండు పాఠాల మధ్య పెరిగినవాళ్లం మేం. మొదటిది మమ్మల్ని లేకుండా చేసింది. రెండోది మావాళ్లు నిజంగా చేసిన పనిని లేనిపోని గొప్పల కింద పూడ్చేసింది. అందుకే ఒక చిన్న విషయం తీసుకుని, దాంట్లో ఎవరి వాటా ఎంతో, మొదటి నుంచి చివరిదాకా లెక్క చూద్దామనుకుంటున్నాం. విషయం ఇదీ: దగ్గరున్నదాన్నీ, దూరంగా ఉన్నదాన్నీ ఒకే కన్ను ఎలా చూడగలుగుతోంది?

చార్మినార్ ఎదురుగా నిలబడి కంటికి జానెడు దూరంలో ఒక వేలు పెట్టుకోండి. రెండో కన్ను మూసుకోండి. వేలి మీది గీతలు స్పష్టంగా కనిపిస్తున్నప్పుడు మినార్లు మసకబారతాయి. మినార్ల మీద చూపు నిలిపితే వేలు మసకబారుతుంది. రెండూ ఒకేసారి తేటగా కనిపించవు. అంటే కంటి లోపల ఏదో మారుతోంది. ఆ మారేది ఏమిటి?

ఇవాళ తెలిసిన జవాబు చెప్పుకుందాం. కంట్లోకొచ్చే వెలుగును వంచే పనిలో దాదాపు మూడింట రెండు వంతులు కంటి ముందున్న పారదర్శకమైన పొర, కార్నియా, చేస్తుంది. అది మారదు. మిగతా పని లోపలున్న కటకానిది. ఆ కటకం చుట్టూ ఉంగరంలా ఒక కండరం ఉంది. కండరానికీ కటకానికీ మధ్య సన్నటి దారాలున్నాయి. దూరం చూసేటప్పుడు కండరం సడలి ఉంగరం పెద్దదవుతుంది. దారాలు బిగుసుకుని కటకాన్ని అంచుల నుంచి లాగి పల్చగా ఉంచుతాయి. దగ్గర చూసేటప్పుడు కండరం ముడుచుకుని ఉంగరం చిన్నదవుతుంది. దారాలు వదులవుతాయి. లాగేవాళ్లు లేక కటకం తన సాగేగుణం కొద్దీ ఉబ్బుతుంది. ఉబ్బిన కటకం వెలుగును ఎక్కువగా వంచుతుంది కాబట్టి దగ్గరి వస్తువు బొమ్మ కంటి వెనకగోడ మీద, అంటే నేత్రపటలం మీద, సరిగ్గా పడుతుంది. దూరం చూడటం కన్నుకు విశ్రాంతి. దగ్గర చూడటమే పని.

చెప్పడానికి నాలుగు ముక్కలు. మనుషులు ఇక్కడికి చేరడానికి రెండు వేల ఏళ్లు పట్టింది.

క్రీస్తుకు సుమారు మూడు వందల ఏళ్ల ముందు యూక్లిడ్ చూపును జ్యామితిగా మార్చాడు. ఆయన లెక్క ప్రకారం కంటి నుంచే కిరణాలు బయటికి వెళ్లి వస్తువును తాకుతాయి. గుడ్డివాడు కర్రతో దారి తడుముకున్నట్టు కన్ను లోకాన్ని తడుముతుందన్నమాట. టాలమీ కూడా అదే దారి. వైద్యుడు గేలెన్ కన్ను కోసి పొరలన్నీ వివరించాడు గానీ, మెదడు నుంచి ఒక ప్రాణవాయువు కంటిలోకి దిగి చూపునిస్తుందన్నాడు. అరిస్టాటిల్ కంటి నుంచి ఏదీ బయటికి పోదన్నాడు గానీ, జ్యామితి జోలికి పోలేదు. గణితం తెలిసినవాళ్లు ఒక వైపు, శరీరం తెలిసినవాళ్లు ఒక వైపు, తత్వం తెలిసినవాళ్లు ఇంకో వైపు. ఎవరి కన్ను వాళ్లది.

తొమ్మిదో శతాబ్దంలో ఈ పుస్తకాలు బాగ్దాద్ చేరాయి. వాటిని అరబ్బీలోకి తెచ్చినవాళ్లలో పెద్ద పేరు హునైన్ ఇబ్న్ ఇస్‌హాఖ్. క్రీ.శ. 808లో పుట్టి 873లో చనిపోయాడు. హీరా ఊరివాడు, అరబ్బీ మాట్లాడే నెస్టోరియన్ క్రైస్తవుడు. గేలెన్‌ను అరబ్బీలోకి, సిరియాక్‌లోకి తెచ్చాడు. కన్ను మీద పది ప్రకరణాల గ్రంథం రాశాడు. ముస్లిం ఖలీఫాలు ఖర్చు పెట్టారు, క్రైస్తవ పండితుడు రాశాడు, గ్రీకు జ్ఞానం అరబ్బీ అయింది. జల్సాల్లో హునైన్ పేరు చెప్పేవాళ్లు ఆయన మతం చెప్పరు. చెప్తే ఎవరి పరువూ పోదు. నిజానికి బాగ్దాద్ గొప్పతనం అక్కడే ఉంది.

మేం రెండు భాషల్లో చదువుకున్నవాళ్లం కాబట్టి ఇక్కడ మాటల సంగతి ఒకటి చెప్పాలి. కార్నియాను ఉర్దూ సైన్సు పుస్తకం ఖర్నియా అంటుంది. ఖర్న్ అంటే అరబ్బీలో కొమ్ము. కొమ్మును పల్చగా చెక్కితే ఎలా ఉంటుందో ఆ పొర అలా ఉంటుందని. లాటిన్‌లో కొమ్ము కార్ను. అందుకే కార్నియా. నేత్రపటలం ఉర్దూలో షబకియా. షబక అంటే వల. గేలెన్ గ్రీకులో వలలాంటి పొర అన్నాడు. అరబ్బీవాళ్లు షబకియా అన్నారు. అరబ్బీ నుంచి లాటిన్‌లోకి మార్చినవాళ్లు తమ భాషలో వలకున్న రేటె అనే మాట నుంచి రెటీనా అన్నారు. ఇవాళ హైదరాబాద్‌లో రెటీనా డాక్టర్ బోర్డు చదివే ప్రతివాడూ తెలియకుండానే ఒక అరబ్బీ మాటకు అనువాదం చదువుతున్నాడు.

కటకాన్ని ఉర్దూలో అదసా అంటాం. అదస్ అంటే మసూర్ పప్పు. లాటిన్‌లో లెన్స్ అన్నా మసూర్ పప్పే. గ్రీకులో ఫాకోస్ అన్నా అదే పప్పు. కంటి ఆస్పత్రుల్లో శుక్లాలకు చేసే ఫేకో ఆపరేషన్‌లోని ఫేకో అదే. ఏ భాషవాడు చూసినా కంటిలోని ఆ బిళ్ల పప్పుబద్దలాగే కనిపించింది. ఈ మాటల్లో ఎవడిది ఎవడు దొంగిలించాడని అడిగితే ఏం చెప్తాం? పప్పు అందరిళ్లలోనూ ఉడికింది.

అరబ్బీలోకి వచ్చినంత మాత్రాన తగాదా తీరలేదు. అల్ కిందీ యూక్లిడ్ పక్షాన నిలబడి కంటి నుంచే కిరణాలు వెళ్తాయని వాదించాడు. తర్వాతి కాలంలో ఇబ్న్ సీనా దాన్ని ఎగతాళి చేశాడు. ఇంత చిన్న కన్ను నుంచి బయల్దేరినదేదో నక్షత్రాల దాకా ఆకాశమంతా ఎలా నిండుతుందని అడిగాడు. ఆ కాలపు ముస్లింలంతా ఒకే మాట మీద ఉన్నారనుకునేవాళ్లు ఈ వాదాలు చదవాలి.

తగాదాను మలుపు తిప్పినవాడు ఇబ్న్ అల్ హైథమ్. సుమారు 965లో బస్రాలో పుట్టాడు. 1040 ప్రాంతంలో కైరోలో చనిపోయాడు. 2003లో టీవీల్లో బస్రా పేరు బాంబుల వార్తగానే వినబడింది. ఆ బస్రావాడే ఈయన. నైలు వరదను అదుపు చేస్తానని కైరో వెళ్లాడనీ, అది తన వల్ల కాదని తెలిశాక ఖలీఫా అల్ హాకిమ్ కోపానికి భయపడి పిచ్చివాడిలా నటించాడనీ పాత జీవితచరిత్రల్లో కథ ఉంది. కథ సంగతి ఎలా ఉన్నా పుస్తకం నిజం. పేరు కితాబ్ అల్ మనాజిర్. ఏడు సంపుటాలు.

ఆయన మొదటి వాదన ఎవరికైనా అర్థమవుతుంది. సూర్యుణ్ని చూస్తే కన్ను నొప్పెడుతుంది. వెలుతురును తేరిపార చూసి కళ్లు మూసుకున్నా దాని మచ్చ కాసేపు కనిపిస్తూనే ఉంటుంది. కాబట్టి వెలుగు బయటి నుంచి కంటిలోకొచ్చి పని చేస్తోంది. వస్తువు మీది ప్రతి బిందువు నుంచీ వెలుగు అన్ని దిక్కులకూ పోతుంది. మరి ఇన్ని వెలుగులు ఒకదానితో ఒకటి కలిసి గందరగోళం కావా? దానికి ఆయన వట్టి మాటలతో జవాబు చెప్పలేదు. చీకటి గదికి ఒక రంధ్రం ఉంచి, బయట దీపాలు వరసగా పెట్టించాడు. లోపల గోడ మీద ఒక్కో దీపానికి ఒక్కో వెలుగుమచ్చ పడింది. ఏ దీపాన్ని మూస్తే దాని మచ్చ మాత్రమే పోయింది. తీస్తే మళ్లీ వచ్చింది. ఒకే రంధ్రంలోంచి దూరినా వెలుగులు కలగలిసిపోలేదు. గణితాన్నీ, శరీరశాస్త్రాన్నీ, తత్వాన్నీ ఒకే పుస్తకంలో కూర్చోబెట్టి, తగాదా వచ్చినచోట ప్రయోగాన్ని పంచాయితీ పెద్దగా నిలబెట్టాడు.

దగ్గర, దూరాల గురించి కూడా ఆయన చాలా ఆలోచించాడు. వస్తువును కంటికి ఆనించి పెడితే కనిపించదు. మరీ దూరం పోయినా కనిపించదు. ఎంత దూరం మరీ దూరమనేది వస్తువు పరిమాణాన్నీ, వెలుతురునూ, గాలి తేటదనాన్నీ, కంటి ఆరోగ్యాన్నీ బట్టి మారుతుందన్నాడు. ఇంకో అడుగు ముందుకేసి, అసలు దూరమని మనకెలా తెలుస్తుందని అడిగాడు. నేల కనిపించకుండా ఒక చిన్న రంధ్రంలోంచి రెండు గోడలను చూపిస్తే ఏది దగ్గరో ఏది దూరమో చెప్పలేమని చూపించాడు. మధ్యలో వరసగా ఉన్న నేల, చెట్లు, ఇళ్లు కనిపిస్తేనే దూరాన్ని లెక్కగట్టగలం. చూడటమంటే కన్ను ఒక్కటే చేసే పని కాదు. అలవాటు, జ్ఞాపకం, తీర్పు అన్నీ అందులో ఉంటాయి. వెయ్యేళ్ల కింద ఈ మాట అన్నవాడి పేరు మా పిల్లల పాఠంలో ఒక్క వాక్యానికి నోచుకోకపోతే కడుపు రగలదా?

రగులుతుంది. అందుకని అబద్ధం చెప్పలేం. జల్సాలో వక్త చెప్పని సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఇబ్న్ అల్ హైథమ్‌కు కటకం అసలు పని తెలియదు. గేలెన్ లాగే ఆయన కూడా కటకమే చూసే అవయవమనుకున్నాడు. వెలుగు దాని ముందు తలాన్ని తాకగానే చూపు మొదలవుతుందన్నాడు. నిటారుగా పడే కిరణాలను మాత్రమే అది లెక్కలోకి తీసుకుంటుందన్నాడు. వెనకగోడ మీద బొమ్మ తలకిందులుగా పడుతుందన్న ఆలోచన ఆయన దారిలో లేదు. వెనకగోడ మీద బొమ్మే లేనప్పుడు ఆ బొమ్మ తేటగా పడిందా, మసగ్గా పడిందా అన్న ప్రశ్నే రాదు. అందువల్ల మినారూ వేలూ ఒకేసారి ఎందుకు తేటగా కనిపించవన్నదానికి కితాబ్ అల్ మనాజిర్‌లో జవాబు లేదు. ఈ మాట చెప్తే ఆయన తగ్గిపోడు. టాలమీ మీద సందేహాలనే పేరుతోనే పుస్తకం రాసినవాడాయన. పెద్దల రాతలను పరీక్షించకుండా నమ్మొద్దన్నవాడాయన. ఆయన్ని గుడ్డిగా పొగిడేవాళ్లే ఆయన మాట విననివాళ్లు.

ఆ తర్వాత పుస్తకం రెండు దారులు పట్టింది. తూర్పున దాన్ని చదివినవాళ్లు తక్కువ. 1258లో మంగోలులు బాగ్దాద్‌ను కూల్చారు. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకు, అదే మంగోల్ పాలనలో, ఇరాన్‌లో కమాలుద్దీన్ అల్ ఫార్సీ గురువు ఖుత్బుద్దీన్ షీరాజీ చెప్పగా ఈ పుస్తకం సంపాదించాడు. వాక్యం వాక్యం చదివి, తప్పనిపించినచోట దిద్దుతూ తన్‌ఖీహ్ అల్ మనాజిర్ అనే పెద్ద వ్యాఖ్య రాశాడు. నీళ్లు నింపిన గాజుగోళంతో ప్రయోగాలు చేసి ఇంద్రధనుస్సు ఎలా ఏర్పడుతుందో వివరించాడు. పద్నాలుగో శతాబ్దం మొదట్లో జరిగిన పని ఇది. ఆయన తర్వాత ఈ వైపున దారి పల్చబడింది.

పడమటి దారి వేరు. 1200 ప్రాంతంలో స్పెయిన్‌లో పుస్తకం లాటిన్‌లోకి మారింది. అనువాదకుడి పేరు కూడా మిగల్లేదు. రాసినవాడి పేరు అల్‌హసెన్ అయింది. రోజర్ బేకన్ చదివాడు. విటెలో చదివి దాని మీదే తన గ్రంథం కట్టాడు. 1572లో రిస్నర్ ఈ రెంటినీ కలిపి బాసెల్‌లో అచ్చువేయించాడు. 1604లో కెప్లర్ తన పుస్తకానికి విటెలోకు చేర్పులు అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. బిందువు నుంచి బిందువుకు వెలుగు వెళ్తుందన్న ఇబ్న్ అల్ హైథమ్ లెక్కనే పట్టుకుని, చివరిదాకా నడిచి, కటకం చూసే అవయవం కాదన్నాడు. అది వెలుగును కూడగడుతుంది, బొమ్మ నేత్రపటలం మీద తలకిందులుగా పడుతుంది అన్నాడు. అప్పుడుగానీ మన ప్రశ్న పుట్టలేదు. దూరం మారితే బొమ్మ మసకబారాలి కదా, కన్ను దాన్ని ఎలా సర్దుకుంటోంది?

1619లో షైనర్ అనే జెసూట్ ఫాదరీ అందరూ చేసి చూడగల పరీక్ష ఒకటి రాశాడు. అట్టముక్కలో కంటిపాప వెడల్పు కన్నా తక్కువ దూరంలో రెండు సూదిబెజ్జాలు వేయండి. ఒక కంటికి ఆనించి ఎదురుగా ఒక సూదిని చూడండి. సూది మీదే చూపు నిలిపితే ఒక్కటే సూది. దాని వెనక దూరంగా ఉన్నదాని మీద చూపు నిలిపితే రెండు సూదులు. కంటి లోపల సర్దుబాటు జరుగుతోందనడానికి ఇంతకంటే చౌకైన సాక్ష్యం లేదు. కానీ సర్దుకునేది ఏది? కనుగుడ్డు పొడవవుతోందా, కార్నియా వంపు మారుతోందా, కటకం ముందుకు జరుగుతోందా, ఉబ్బుతోందా? నూట ఎనభై ఏళ్లు వాదించుకున్నారు.

తేల్చినవాడు క్వేకర్ ఇంట్లో పుట్టిన ఇంగ్లీషు డాక్టరు థామస్ యంగ్. 1801లో అచ్చయిన వ్యాసంలో తన కంటి మీదే చేసుకున్న ప్రయోగాలు రాశాడు. కంటిని నీళ్లకు ఆనించి చూశాడు. నీళ్లలో కార్నియా వెలుగును వంచే శక్తి దాదాపు పోతుంది. అయినా సర్దుబాటు పోలేదు. కాబట్టి మారేది కార్నియా కాదు. గుడ్డును ముందూ వెనకా ఒత్తిపట్టి చూశాడు. పొడవు మారలేదు. శుక్లాల కోసం కటకం తీసేసినవాళ్లను పరీక్షించాడు. వాళ్లకు సర్దుబాటే లేదు. మిగిలింది కటకం ఒక్కటే. ఎలా ఉబ్బుతుందన్నది 1855లో జర్మనీలో హెల్మ్‌హోల్ట్స్ చెప్పాడు. పైన చెప్పుకున్న ఉంగరం, దారాల లెక్క ఆయనదే.

ఇప్పుడు వాటాలు చూడండి. గ్రీకులు, అరబ్బీ రాసిన క్రైస్తవుడు, బస్రా ముస్లిం, ఇరానీ ముస్లిం, పేరు మిగలని అనువాదకుడు, లూథరన్ కెప్లర్, జెసూట్ షైనర్, క్వేకర్ ఇంటి యంగ్. ఒక్కరిని తీసేసినా గొలుసు తెగుతుంది. మేం అడిగేది గొలుసంతా మాకివ్వమని కాదు. మా కొక్కెం తీసేసి, అతుకు కనిపించకుండా రంగు వేయొద్దని.

ఈ గొలుసులో హైదరాబాద్‌కూ ఒక కొక్కెం ఉంది. 1888లో ఇమాదుల్ముల్క్, ముల్లా అబ్దుల్ ఖయ్యూమ్‌లాంటి వాళ్లు ఇక్కడ దాయిరతుల్ మారిఫ్ అనే సంస్థ పెట్టారు. పాత అరబ్బీ రాతప్రతులను వెదికి, పోల్చి, అచ్చువేయడం దాని పని. కమాలుద్దీన్ రాసిన తన్‌ఖీహ్ అల్ మనాజిర్ రెండు సంపుటాలుగా హిజ్రీ 1347-48లో, అంటే 1928-30 మధ్య, హైదరాబాద్‌లోనే అచ్చయింది. ఇబ్న్ అల్ హైథమ్ చిన్న గ్రంథాల సంకలనం కూడా 1938-39లో ఇక్కడే వచ్చింది. కితాబ్ అల్ మనాజిర్ మొదటి మూడు భాగాల అరబ్బీ మూలం సబ్రా సంపాదకత్వంలో కువైట్‌లో అచ్చయింది 1983లో. అంటే యాభై ఏళ్లకు పైగా, అచ్చులో ఆ పుస్తకం జాడ వెతికేవాళ్లకు ముందుగా దొరికింది హైదరాబాద్ అచ్చే.

అదే కాలంలో ఉస్మానియాలో ఉర్దూలో సైన్సు చెప్పడానికి 1917లో దారుల్ తర్జుమా పెట్టి వందల పుస్తకాలు తెచ్చారు. 1948 తర్వాత బోధన ఇంగ్లీషుకు మారింది. నవాబుల విందుల గురించి, నగల గురించి అందరికీ తెలుసు. కన్ను గురించిన పుస్తకం ఇక్కడ అచ్చయిందని మా పిల్లలకూ తెలియదు, పక్కింటి పిల్లలకూ తెలియదు. ఆ రాజ్యంలో జనం పడ్డ బాధలు మేం కాదనం. వాటితో పాటు ఈ అచ్చు కూడా చరిత్రే.

కళ్లజోడు మనదేనన్న మాట కూడా తేల్చేద్దాం. చదవడానికి పెట్టుకునే కుంభాకారపు అద్దాలు 1286 ప్రాంతంలో ఇటలీలో పుట్టాయి. ఎవరు చేసినా దాని విలువ మా కాతిబ్‌లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఉర్దూ పత్రికలకు కంప్యూటర్ నస్తాలీఖ్ రాకముందు ప్రతి పేజీనీ కాతిబ్‌లే చేత్తో రాసేవాళ్లు. మోకాలి మీద పలక, పలక మీద కాగితం, కంటికి జానెడు దూరంలో ఖలం. రోజుకు పది గంటలు ఆ ఉంగరపు కండరం ముడుచుకునే ఉండేది. పదేళ్ల పిల్లకు ఏడెనిమిది సెంటీమీటర్ల దూరంలోని అక్షరం కూడా తేటగా కనిపిస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ కటకం గట్టిపడుతుంది. దారాలు వదిలినా ఉబ్బదు. నలభై దాటాక కాగితం చెయ్యి పొడవుకు జరుగుతుంది. అదే చత్వారం. కాతిబ్‌కు అది కూటి సమస్య. రెండు అద్దాల చష్మా అతనికి ఇంకో ఇరవై ఏళ్ల పనిచ్చింది. ఆ అద్దం ఏ మతంవాడు సానబట్టాడని ఏ కాతిబూ అడగలేదు.

ఈ వ్యాసం రాస్తున్న మాకూ ఆ వయసే వచ్చింది. చత్వారం దూరపు చూపును చెడగొట్టదు, చేతిలో ఉన్నదాన్నే చదవనివ్వదు. బాగ్దాద్‌నూ, కుర్తుబానూ తలుచుకుని కన్నీళ్లు పెట్టుకునే మావాళ్లలో చాలామంది గల్లీ చివర బడిలో నల్లబల్ల కనిపించక చదువు మానేస్తున్న పిల్లను చూడటం లేదు. ఆ పిల్లకు కావలసింది ఒక కంటి పరీక్ష, ఒక జత అద్దాలు. ఇబ్న్ అల్ హైథమ్ వారసులమని చెప్పుకునేవాళ్లు మొదట చేయాల్సింది అది.

పాఠాలు రాసేవాళ్లను కూడా మేం పెద్దగా ఏమీ అడగడం లేదు. కంటి పాఠంలో మూడు వాక్యాలు: ఒకటి హునైన్‌కు, ఒకటి ఇబ్న్ అల్ హైథమ్‌కు, ఒకటి కమాలుద్దీన్‌కు. ఇబ్న్ అల్ హైథమ్ ఏం సరిగ్గా చెప్పాడో, ఎక్కడ తప్పాడో రెండూ రాయండి. తప్పు కూడా రాస్తేనే సైన్సు పాఠమవుతుంది. ఆ పేజీ తెలుగులో ఉన్నా, ఉర్దూలో ఉన్నా, మా పిల్లలూ మీ పిల్లలూ ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకుంటారు.